రెండో చోటు

ఏప్రిల్ మూడో వారం. కీవీనాలో మంచు
రోడ్ల పక్కన నల్లబడి ఇంకా కూర్చునే ఉంది.
ఐలీ హార్యు షెడ్డు తలుపు
మూడుసార్లు తన్నితే గాని తెరుచుకోలేదు.
లోపల, పడవ.

నా చేతిలో టేపు, చంకలో ఫారం.
షెరీఫ్ ఆఫీసులో పదకొండేళ్ళుగా ఇదీ నా పనే:
ఎవరో పెరట్లో కట్టుకున్నదాన్ని చూసొచ్చి
ఇది పడవేనని ప్రభుత్వానికి సాక్ష్యం చెప్పడం.
ఒకడు స్నానాల తొట్టికి మోటారు బిగించి పిలిచాడు.
అదీ తేలింది. రాసుకున్నాను.

పొడవు: పదిహేను అడుగుల ఏడంగుళాలు.
టేపు అటు కొస తను పట్టుకుంది.
"ఎనిమిది," అంది.
మళ్ళీ కొలిచాం. ఏడే.
నాలుగు చలికాలాలు ఎనిమిదనుకుంటూ కట్టిన మనిషి
ఆ అంగుళం ఎటు పోయిందా అని
నేలమీది రంపంపొట్టు వైపు చూసింది.

రసీదులు కావాలన్నాను.
కాఫీ డబ్బా తెచ్చి బల్లమీద బోర్లించింది.
జిగురు, కంచు మరలు, పదకొండు ప్లైవుడ్ షీట్లు,
మధ్యలో పళ్ళ డాక్టరు బిల్లొకటి,
స్కూలు బస్సు డీజిలు చీటీ ఒకటి.
ముప్పై ఏళ్ళు నడిపింది ఆ బస్సు. నేనూ ఎక్కాను.
వెనక సీట్లో గోల చేస్తే
అద్దంలోంచి ఒక్క చూపు చాలేది.
ఇవాళ అదే చూపు నా టేపు మీద.

"వెనక పలకకి రసీదేది?"
"అది సౌనా బల్ల. మా మామగారు చేసింది.
సౌనా కూలింది, బల్ల కూలలేదు."
"ఎవరమ్మినట్టు రాయను?"
"ఎవరూ అమ్మలేదు. అరవయ్యేళ్ళు కూర్చున్నారంతే."
కూర్చున్నవాళ్ళకి ఫారంలో గడి లేదు.
కానుక, అని రాశాను.

నిర్మించిన తేదీ.
ఇక్కడ ఆగిపోయింది ఆమె.
మొదటి పక్కటెముక నిలబెట్టిన రోజా?
బోర్లా ఉన్నదాన్ని ఆరుగురు పట్టి
వెల్లకిలా తిప్పిన రాత్రా?
ఆ రాత్రి విల్హో నీమెలా బొటనవేలు నలిగింది,
ఎవరూ నవ్వాపలేదు, విల్హోతో సహా.
రంగు ఆరిన రోజా?
చెయ్యి పెట్టి చూశాను. ఆకుపచ్చగా అంటుకుంది.
సంవత్సరం వేస్తే చాలన్నాను.
ఆమెకి చాలలేదు.

నంబరు రెండు చోట్ల చెక్కాలి.
ఒకటి వెనక పలక మీద, కుడివైపు, ఊరంతా చూసేలా.
రెండోది ఎక్కడో లోపల, దొంగకి తట్టని చోట.
కట్టినవాళ్ళకి తెలియాలి, మాకు తెలియాలి,
మూడో మనిషికి కాదు.
"చోటుంది," అంటూ
ముక్కు దగ్గరి పలక పైకెత్తింది.
టార్చి వేశాను.

అక్కడ అప్పటికే ఏదో ఉంది, పెన్సిలుతో:
డిసెంబరు తొమ్మిది. ఇక్కడ తప్పు కోశాను.
ఏడ్చాను. బఠాణీ సూప్ తాగాను. మళ్ళీ కోశాను.

ఇద్దరం కాసేపు
టార్చి బ్యాటరీల ధర గురించి మాట్లాడుకున్నాం.

పోయిన అంగుళం దొరికింది.
దాన్ని ఫారంలో రాయలేదు.

నంబరు రావడానికి ఆరు వారాలు పడుతుందనీ
అందాకా నీళ్ళలో దించకూడదనీ చెప్పాను.
"ఏ నీళ్ళలో?" అంది.
కిటికీలోంచి లేక్ సుపీరియర్ తెల్లగా, గట్టిగా,
ఎవరి సంతకం కోసమూ తొందరపడకుండా ఉంది.

సంతకం పెట్టి లేచాను.
వెళ్తూ వెళ్తూ, ఎవరూ అడక్కపోయినా,
తలుపు వెడల్పు కొలిచాను,
తర్వాత పడవ వెడల్పు.
రెండంగుళాలు మిగులుతుంది.
పైకి అనలేదు.
"ఒకటిన్నర," అంది వెనక నుంచి.
"చలికి తలుపు ఉబ్బింది."